సుర్మా

సుర్మా అనునది కనురెప్పల లోపలి అంచులకు పెట్టుకొనే మెత్తని ఖనిజపు పొడి. ఇది సాధారణంగా నలుపు లేదా ముదురు బూడిద రంగులో ఉండి, వెలుతురులో లోహంవలె మెరుస్తుంది. అరబ్బీ భాషలో దీనిని కుహ్ల్ అని, నైజీరియాలో టీరో అని పిలుస్తారు. దక్షిణ ఆసియా, పశ్చిమ ఆసియా మరియు ఆఫ్రికాలోని ముస్లిం సమాజాలలో స్త్రీలు, పురుషులు, పసిపిల్లలు కూడా దీనిని వాడతారు. అలంకారంగానే గాక కంటికి చలువనిచ్చే మందుగా, దిష్టి తగలకుండా కాపాడే రక్షగా, ధార్మిక సంప్రదాయంగా దీనికి ఆదరణ కలదు. అయితే అంగళ్ళలో లభించే సుర్మాలలో అనేకం సీసం అనే విషలోహం గల గెలీనా ఖనిజంతో తయారవుతున్నట్లు రసాయన పరీక్షలలో తేలింది. సీసం వలన కలిగే హాని పసిపిల్లలకు, గర్భిణులకు అత్యధికం.

పేరు, తయారీ

సుర్మా అనే పదం ఉర్దూ, పారశీక భాషలలో వాడుకలో ఉన్నది. అరబ్బీలోని 'అల్-కుహ్ల్' అనే మాట మొదట మెత్తగా నూరిన పొడికి పేరు. ఐరోపా భాషలలోని 'ఆల్కహాలు' అనే పదం దీనినుండే పుట్టింది.

సంప్రదాయ పద్ధతిలో ఖనిజపు రాతిని కల్వంలో వేసి చాలాకాలం నూరి, పలుచని గుడ్డలో జల్లిస్తారు. కొందరు పన్నీరు, కర్పూరం, ముత్యాల పొడి వంటివి కలుపుతారు. తయారైన పొడిని సుర్మాదానీ అనే చిన్న పాత్రలో ఉంచి, సలాయి అనే సన్నని పుల్లతో కంటికి పెడతారు. యునానీ వైద్యంలో కంటి మందుల రూపాలలో సుర్మా కూడా ఒకటి. ఉత్తర ప్రదేశ్‌లోని బరేలీ పట్టణం సుర్మా తయారీకి పేరుపొందినది.

తెలుగువారి ఇళ్ళలో వాడే కాటుక, సుర్మా ఒకటి కావు. ఆముదం లేదా నెయ్యి దీపపు మసిని పట్టి చేసే కాటుకలో ముఖ్యంగా ఉండేది కర్బనం. సుర్మా రాతినుండి వచ్చినది. కాబట్టి ఇంట్లో పట్టిన కాటుకలో సీసం ఉండే అవకాశం తక్కువ. కాని కాటుక లేదా కాజల్ పేరుతో అమ్మే కొన్ని పొడులలో కూడా సీసం బయటపడినందున పేరునుబట్టి ఏది మంచిదో నిర్ణయించడం వీలుకాదు.

చరిత్ర

కంటికి ఖనిజపు రంగులు పూయడం ఇస్లాం కంటే ఎంతో ప్రాచీనమైన ఆచారం. పురాతన ఈజిప్టులో ఆకుపచ్చని మలకైటు, నల్లని గెలీనా ఖనిజాలను ఇందుకు వాడేవారు. పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో భద్రపరచిన ఈజిప్టు అలంకరణ పొడులను పరిశీలించిన శాస్త్రవేత్తలు 1999లో 'నేచర్' పత్రికలో తమ ఫలితాలను ప్రకటించారు. వాటిలో గెలీనాతో పాటు, ప్రకృతిలో అరుదుగా దొరికే రెండు సీసపు క్లోరైడులు కనిపించాయి. వీటిని ఈజిప్షియనులు కావాలనే తయారు చేసుకొన్నారని వారు నిర్ధారించారు.

భారతదేశంలో ఆయుర్వేద గ్రంథాలలోనూ సౌవీరాంజనం, నీలాంజనం మొదలగు ఖనిజపు అంజనాల ప్రస్తావన కలదు. అందుచేత ఈ సమస్యను ఒక్క మతానికి సంబంధించినదిగా చూడరాదు. ముస్లిం సమాజాలలో ఈ ఆచారం నేటికీ విస్తృతంగా నిలిచి ఉన్నందున ప్రమాదం కూడా అక్కడే ఎక్కువగా నమోదైంది.

ముస్లిం సంప్రదాయంలో సుర్మా

మహమ్మదు ప్రవక్త 'ఇస్మిద్' అనే అంజనాన్ని వాడినట్లు, దానిని వాడమని చెప్పినట్లు తిర్మిజీ, అబూ దావూద్, ఇబ్న్ మాజా హదీసు సంకలనాలలో ఉన్నది. ఈ కారణంగా సుర్మా పెట్టుకోవడాన్ని అనేకమంది సున్నత్‌గా, అనగా ప్రవక్త ఆచరణగా భావిస్తారు. శుక్రవారం నమాజుకు, పండుగలకు పురుషులు కూడా సుర్మా పెట్టుకొంటారు. శిశువు పుట్టిన కొద్దిరోజులకే కళ్ళకు సుర్మా పెట్టే ఆచారం చాలా కుటుంబాలలో కలదు.

హైదరాబాదులోని చార్మినారు పరిసర బజార్లలో అత్తరుతో పాటు సుర్మా కూడా అమ్ముతారు. హజ్ యాత్రికులు, గల్ఫ్ దేశాలలో పనిచేసే తెలుగువారు దీనిని కానుకగా తీసుకొనిరావడం కూడా కద్దు.

ఇస్మిద్ అంటే ఏ రాయి అనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఎక్కువమంది దీనిని ఆంటిమొనీ, గంధకం కలిసిన స్టిబ్నైటు ఖనిజంగా గుర్తించారు. స్టిబ్నైటు అరుదైనది, గెలీనా చవకగా విరివిగా దొరుకుతుంది. రాయిగా ఉన్నప్పుడు స్టిబ్నైటు సూదులవంటి స్ఫటికాలుగా, గెలీనా ఘనాకారపు ముక్కలుగా విరుగుతూ చాలా బరువుగా ఉంటాయి. నూరిన పిమ్మట రెండూ మెరిసే నల్లని పొడులే. కంటితో చూసి తేడా చెప్పడం అసాధ్యం. ఇస్మిద్ అనే పేరుతో అమ్మిన పొడులలోనూ గెలీనా ఉన్నట్లు పరీక్షలలో బయటపడింది. అంటే ధార్మిక గ్రంథాలలోని పేరుకు, సీసాలోని పదార్థానికి సంబంధం ఉండవలసిన అవసరం లేదు.

సుర్మాలోని పదార్థాలు

గెలీనా అనగా లెడ్ సల్ఫైడు. దీని బరువులో 86 శాతానికి పైగా సీసమే. ఒక గ్రాము శుద్ధమైన గెలీనాలో సుమారు 866 మిల్లీగ్రాముల సీసం ఉంటుంది. భారతదేశంలో సౌందర్యసాధనాల రంగు పదార్థాలలో సీసం పదిలక్షల భాగాలకు 20 భాగాలు మించరాదని నియమం కలదు. ఆ లెక్కన ఒక గ్రాములో ఉండదగిన సీసం 0.02 మిల్లీగ్రాములు మాత్రమే.

అన్ని సుర్మాలలోనూ సీసం ఉండదు. కొన్నింటిలో కర్బనం, జింక్ ఆక్సైడు, ఇనుప ఆక్సైడులు, సుద్ద వంటివి ప్రధానంగా ఉంటాయి. సౌదీ అరేబియాలో సేకరించిన నమూనాలపై 2004లో వెలువడిన అధ్యయనంలో కొన్నింటిలో సీసం 53 శాతం వరకు ఉన్నట్లు తేలింది. ఒకే అంగడిలో పక్కపక్కన ఉన్న రెండు సీసాలలో ఒకటి నిరపాయకరమైన మసి, మరొకటి సీసపు పొడి కావచ్చు.

సీసం శరీరంలోకి చేరే విధం

కంటికి పెట్టిన పొడి రక్తంలోకి ఎలా చేరుతుందనే సందేహం సహజం. లెడ్ సల్ఫైడు నీటిలో దాదాపు కరగదు. కంటి పొరల ద్వారా అది నేరుగా లోపలికి పోయేది స్వల్పమని భావిస్తారు. ముఖ్యమైన మార్గాలు ఇవి:

* కన్నీటితో కలిసిన పొడి, కంటి మూలనుండి ముక్కులోకి పోయే కన్నీటి నాళం ద్వారా గొంతులోకి దిగుతుంది. దానిని తెలియకుండానే మింగుతాము.
* పిల్లలు కళ్ళు నులుముకొని అదే చేతిని నోట్లో పెట్టుకొంటారు.
* చేతులకు, దిండ్లకు, బట్టలకు అంటిన పొడి ఆహారంలో కలుస్తుంది.
* కొన్నిచోట్ల శిశువు బొడ్డు గాయానికి కూడా సుర్మా అద్దే ఆచారం ఉన్నది.

కడుపులోని ఆమ్లంలో ఈ పొడి కొంతవరకు కరిగి ప్రేగులనుండి రక్తంలో కలుస్తుంది. పొడి ఎంత మెత్తగా ఉంటే అంత సులభంగా కరుగుతుంది. అనగా ఎంతో శ్రద్ధగా నూరిన 'నాణ్యమైన' సుర్మాయే ఎక్కువ ప్రమాదకరం కావచ్చు. మింగిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దవారికంటే 4 నుండి 5 రెట్లు అధికంగా గ్రహిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. ఆహారంలో ఇనుము, కాల్షియం లోపించిన పిల్లలలో ఇది మరింత ఎక్కువ.

ఆరోగ్యంపై ప్రభావం

సీసానికి శరీరంలో ఎటువంటి ఉపయోగమూ లేదు. అది కాల్షియంవలె నటించి ఎముకలలో, నాడీకణాలలో చేరుతుంది. రక్తంలోని సీసం కొన్ని వారాలలో తగ్గినా, ఎముకలలో చేరినది దశాబ్దాలపాటు నిలువ ఉంటుంది. ముఖ్యమైన దుష్ప్రభావాలు:

* మెదడు: పిల్లలలో తెలివితేటలు, ఏకాగ్రత, నేర్చుకొనే శక్తి తగ్గుతాయి. ఈ నష్టం చాలావరకు పూడ్చలేనిది. సీసం మోతాదు బాగా పెరిగితే మూర్ఛ, అపస్మారకం, మరణం సంభవించవచ్చు.
* రక్తం: హీమోగ్లోబిన్ తయారీకి అవసరమైన ఎంజైములను అడ్డుకొనుటచే రక్తహీనత కలుగుతుంది.
* జీర్ణవ్యవస్థ: కడుపునొప్పి, మలబద్ధకం, ఆకలి మందగించడం.
* పెద్దవారిలో రక్తపోటు పెరగడం, మూత్రపిండాలు దెబ్బతినడం.
* గర్భిణులలో ఎముకలలోని పాత సీసం తిరిగి రక్తంలోకి విడుదలై మాయ ద్వారా శిశువుకు చేరుతుంది. అనగా తల్లి ఏళ్ళ క్రితం వాడిన సుర్మా కూడా బిడ్డపై ప్రభావం చూపగలదు.

తక్కువ మోతాదులో సీసం చేరిన పిల్లలు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. తరతరాలుగా వాడుతున్నా ఎవరికీ ఏమీ కాలేదనే వాదన ఇందువల్లనే నిలుస్తున్నది. చదువులో కొద్దిగా వెనుకబడిన బిడ్డను చూసి సుర్మాను అనుమానించేవారు ఉండరు.

సీసంతో సంబంధం లేని ఇబ్బందులు కూడా కలవు. సరిగా నూరని పొడిలోని రేణువులు కంటి నల్లగుడ్డుపై ఉండే పారదర్శక పొరను గీరవచ్చు. ఇంటిల్లిపాదీ ఒకే సలాయి వాడినచో కండ్లకలక, ట్రకోమా వంటి అంటువ్యాధులు ఒకరినుండి మరొకరికి సోకుతాయి.

నమోదైన ఉదంతాలు

కంటి అలంకరణ పొడి వలన సీసపు విషప్రభావం కలిగిన ఉదంతాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1968లో ప్రచురించింది. 1978లో అదే పత్రికలో సుర్మా, సీసపు విషప్రభావాలపై మరొక వ్యాసం వెలువడింది. బ్రిటనులో స్థిరపడిన ఆసియా కుటుంబాల పిల్లలపై వైద్యుల దృష్టి అప్పటినుండి పెరిగింది.

అమెరికాలోని బోస్టన్ నగరంలో 2011లో నైజీరియా సంతతికి చెందిన ఆరు నెలల శిశువు రక్తంలో డెసిలీటరుకు 13 మైక్రోగ్రాముల సీసం కనిపించింది. శిశువు కనురెప్పలకు పెట్టిన టీరో పొడిని పరీక్షించగా అందులో 82.6 శాతం సీసం ఉన్నది. 2013లో న్యూమెక్సికో రాష్ట్రంలో ఆఫ్ఘనిస్తాన్ నుండి తెచ్చిన కాజల్ విషయంలోనూ ఇటువంటి ఉదంతమే నమోదైంది.

భిన్నాభిప్రాయాలు

లెడ్ సల్ఫైడు కంటి పొరలను దాటదు కావున సుర్మా ప్రమాదాన్ని ఎక్కువ చేసి చెబుతున్నారని కొందరు పరిశోధకులు వాదించారు. 2010లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ఈజిప్టు పొడులలోని సీసపు క్లోరైడులు అతి స్వల్ప మోతాదులో చర్మకణాలలో నైట్రిక్ ఆక్సైడు ఉత్పత్తిని పెంచుతాయని, దాని వలన రోగనిరోధక చర్య చురుకుగా మారి కంటి అంటురోగాలనుండి రక్షణ లభించి ఉండవచ్చని ప్రతిపాదించారు. అయితే ఇది ప్రయోగశాలలోని కణాలపై జరిగిన పరిశీలన. పసిపిల్లలు మింగే సీసం నిరపాయకరమని ఇది నిరూపించదు. మొదటి వాదన కూడా చేతినుండి నోటికి, కన్నీటి నాళంనుండి గొంతుకు ఉన్న మార్గాలకు సమాధానం చెప్పదు.

చట్టాలు, ప్రమాణాలు

భారతదేశంలో 2020 నాటి సౌందర్యసాధనాల నియమాల ప్రకారం రంగుకోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను వాడటం నిషిద్ధం. ఐరోపా సమాఖ్య సౌందర్యసాధనాలలో సీసం, ఆంటిమొనీ సమ్మేళనాలు రెండింటినీ నిషేధించింది. అమెరికాలో కుహ్ల్‌ను రంగు పదార్థంగా వాడుటకు అనుమతి లేదు. అయినను ప్రయాణికుల సామానుతో, చిల్లర అంగళ్ళ ద్వారా ఈ పొడులు అందుబాటులో ఉంటూనే ఉన్నాయి.

రక్తంలో సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ లేదు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉన్నచో, అది ఎక్కడినుండి వస్తున్నదో కనుగొని తొలగించవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది.

జాగ్రత్తలు

* పసిపిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు పదార్థం తెలియని సుర్మా వాడకూడదు.
* 'సీసం లేనిది', 'అసలైన ఇస్మిద్' అనే చీటీలను ఆధారంగా తీసుకోరాదు. ప్రయోగశాల పరీక్ష ఒక్కటే రుజువు.
* ఇదివరకే వాడి ఉన్నచో వెంటనే మానివేసి, వైద్యుని సలహాతో పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష చేయించవలెను. వాడిన పొడిని వైద్యునికి చూపించడం మంచిది.
* చికిత్సలో మొదటి మెట్టు వాడకం ఆపడమే. పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములకు చేరితే, దానిని మూత్రం ద్వారా వెలుపలికి పంపే మందులను సాధారణంగా ఆసుపత్రిలో ఇస్తారు.
* పాలు, రాగులు, పప్పులు, ఆకుకూరలు వంటి కాల్షియం, ఇనుము గల ఆహారం సీసం గ్రహింపును తగ్గిస్తుంది.

ఆచారాన్ని పాటించదలచినవారు సీసం లేదని పరీక్షలో తేలిన పొడిని, పెద్దవారు మాత్రమే, ఎవరి సలాయి వారు వాడవచ్చును. కంటికి మేలు చేయాలన్న ఉద్దేశంతో పెట్టేది బిడ్డకు హాని చేయకుండా చూసుకోవడం ఆ ఆచారానికి విరుద్ధం కాదు.

ఇవి కూడా చూడండి

* కాటుక
* సీసం
* ఆంటిమొనీ
* యునానీ వైద్యం