మూడేళ్ల చదువు, ఆ తర్వాత అద్దె గది

బేర్ సరాయ్‌లో గది అద్దెకు అడిగితే ఇంటాయన మొట్టమొదట అడిగే మాట, దేనికి ప్రిపేర్ అవుతున్నారని. సివిల్స్ అనొచ్చు, నెట్ అనొచ్చు, గేట్ అనొచ్చు. ఒక పక్క ఐఐటీ, ఇంకో పక్క జేఎన్‌యూ పాత క్యాంపస్, మధ్యలో డీడీఏ మార్కెట్ నిండా గైడ్లూ జిరాక్స్ నోట్సులూ అమ్మే కొట్లు. దక్షిణ ఢిల్లీలో ఈ ఊరు బతికేదే పరీక్షల మీద. ఇలాంటి చోట "నేను నటుణ్ని" అని చెప్పి గది సంపాదించడం కష్టం. అందుకే మా పై అంతస్తులో ఉండే తెనాలి కుర్రాడు "థియేటర్‌లో ఎమ్మే చేశాను, పీహెచ్‌డీకి చదువుతున్నాను" అని చెప్పుకున్నాడు. ఎమ్మే మాట నిజమే. పీహెచ్‌డీ మాట ఇంటాయన మనశ్శాంతి కోసం.

నాది విజయనగరం. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడిన ఊరు మాది అని ఎవరూ అడక్కపోయినా చెప్పుకుంటాను. జేఎన్‌యూలో చదువుకోడానికి వచ్చి, చదువయ్యాక ఇక్కడే ఉండిపోయాను. పగలు అనువాదాలు, ప్రూఫులు; సాయంత్రాలు మండీ హౌస్ దగ్గరి హాళ్లలో లైట్లు ఆపరేట్ చేస్తాను. స్టేజి మీద రాజుగా వెలిగినవాడూ, షో అయ్యాక ఆటోకి చిల్లర లెక్కపెట్టుకునేవాడూ ఒక్కడేనని లైట్ల బోర్డు దగ్గర కూచునేవాళ్లకి రోజూ కనబడుతుంది. డ్రామా స్కూల్లో చదివి బయటికొచ్చిన ఈ పిల్లలు ఎలా బతుకుతారో మనవాళ్లకి పెద్దగా తెలీదు. సినిమా అవకాశాల కోసం తిరుగుతున్నారనే అనుకుంటారు. కొందరు తిరుగుతారు, కాదనను. నాటకమే ఆడదామని వచ్చినవాళ్లూ ఉన్నారు. నేను చెప్పబోయేది వాళ్ల సంగతి.

ఢిల్లీ నాటకం అంటే మండీ హౌస్ చౌరస్తా. కమానీ, శ్రీరామ్ సెంటర్, ఎల్‌టీజీ, త్రివేణి, అన్నీ నడిచి తిరగగలిగిన దూరంలోనే. ఆ పక్క భగవాన్ దాస్ రోడ్డులో, బహావల్‌పూర్ హౌస్‌లో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది. ఎన్‌ఎస్‌డీ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. 1959లో సంగీత నాటక అకాడమీ దాన్ని పెట్టింది, 1975లో స్వతంత్ర సంస్థ అయింది. కోర్సు మూడేళ్లు. చేరాలంటే డిగ్రీ ఉండాలి, అంతకుముందే కనీసం ఆరు నాటకాల్లో పనిచేసి ఉండాలి. ఆడిషన్ నెగ్గి, ఢిల్లీలో పెట్టే వర్క్‌షాపు కూడా నెగ్గితేనే సీటు. దేశం మొత్తం మీద ఏటా తీసుకునేది ముప్పైమందికి అటూ ఇటూ.

ఆ స్కూలు మనకి తెలియకపోయినా దాని మొహాలు మనకి తెలుసు. 'అంకురం'లో ఓం పురి, 'జయం మనదేరా'లో అతుల్ కులకర్ణి, 'పోకిరి'లో ఆశిష్ విద్యార్థి, 'సైనికుడు'లో ఇర్ఫాన్ ఖాన్, అందరూ ఆ గేటులోంచి బయటికొచ్చినవాళ్లే. ఓం పురిని పక్కన పెడితే మన సినిమా అక్కణ్నుంచి తెచ్చుకున్నది ఎక్కువగా విలన్లనే.

చదువుకునే రోజుల్లో జీవితం బాగుంటుంది. చెప్పకూడదు గానీ, మరీ బాగుంటుంది. పొద్దున్నే యోగా, ఒంటికి కసరత్తు, గొంతు సాధన. తర్వాత నాట్యశాస్త్రం, స్టానిస్లావ్‌స్కీ, బ్రెహ్ట్. సెట్టుకి మేకులు కొట్టడం, మేకప్పు వేసుకోవడం, లైటు కట్టడం అందరూ నేర్చుకోవాల్సిందే. మొదటి ఏడాది అందరికీ ఒకటే పాఠం. తర్వాత నటనా, లేక డిజైన్, డైరెక్షనా అన్నది తేల్చుకోవాలి. హాస్టలుంటుంది, నెలనెలా స్కాలర్‌షిప్పు వస్తుంది. ఒక నాటకం కోసం వారాల తరబడి రిహార్సల్ చేయొచ్చు. దుస్తులకీ లైట్లకీ ఖర్చెవరిదని అడిగేవాళ్లుండరు. మూడో ఏడు అయిపోగానే ఆ పెట్టె, ఆ పరుపు పట్టుకుని బయటికి రావాలి. నటన నేర్పిన చోటే నెలాఖరు గడపడం కూడా నేర్పితే బాగుండును అని మా వీధిలో ఉండే బిహార్ కుర్రాడు అంటుంటాడు. వాడూ డ్రామా స్కూల్లో చదివినవాడే. ఇప్పుడు ఒక ప్రైవేటు బళ్లో వారానికి మూడు రోజులు పిల్లలచేత నాటకం వేయిస్తాడు, మిగతా రోజులు తను వేస్తాడు.

మండీ హౌస్‌కి దగ్గరగా ఉండాలంటే యమున అవతల లక్ష్మీనగర్ నయం. ఎక్కువమంది అక్కడే సర్దుకుంటారు. బేర్ సరాయ్‌కి వచ్చేవాళ్లని లాక్కొచ్చేది జేఎన్‌యూ: ఆ రోడ్లు, ఆ ధాబాలు, అర్ధరాత్రిదాకా సాగే వాదనలు. ఇక్కణ్నుంచి మండీ హౌస్ చేరాలంటే ఐఐటీ స్టేషన్లో మెజెంటా లైన్ ఎక్కి, హౌజ్ ఖాస్‌లో ఎల్లో లైన్‌కి మారి, సెంట్రల్ సెక్రటేరియట్‌లో వయొలెట్ పట్టుకోవాలి. ఆ మూడు రైళ్లలోనూ పోర్షను బట్టీ పడతారు. పెదాలు కదుపుతూ నిలబడ్డ మనిషి పక్కన ఎవరూ నిలబడరు గనక చోటుకి ఇబ్బంది లేదు.

అసలు ఇబ్బంది గొంతు సాధనతో. ఇక్కడి ఇళ్లు గోడకి గోడ ఆనించి నాలుగైదు అంతస్తులు లేపినవి. పక్క గదిలో ప్రిలిమ్స్‌కి చదివే కుర్రాడుంటాడు. పొద్దున్న ఆరింటికి వీడు నాభిలోంచి ఓంకారం తీస్తే వాడు గోడ మీద గుద్దుతాడు. తప్పెవరిదని తేల్చలేం, ఇద్దరిదీ పరీక్షే. అందుకని మా తెనాలి తమ్ముడు సంజయ్ వన్‌కి పోయి, చెట్ల మధ్య నిలబడి సంభాషణలు అరుచుకుంటాడు. వాకింగ్‌కి వచ్చే పెద్దలు మొదట్లో దూరంగా జరిగేవారు. ఇప్పుడు "ఈసారి ఏ నాటకం బేటా?" అని అడుగుతున్నారట.

వాడికి ఇంకో పోరాటం హిందీతో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రెండేళ్లు థియేటర్ చదివాడు, శరీరం చెప్పినట్టు వింటుంది, కళ్లు బాగా పలుకుతాయి. నోరు తెరిస్తే మాత్రం తెనాలి బయటపడుతుంది. కుర్చీ ఆడదో మగదో, గాలి వచ్చాడో వచ్చిందో చూసుకుంటూ ఏడవడం ఎంత కష్టమో వాణ్నడిగితే తెలుస్తుంది. రిహార్సల్లో ఒకసారి గుండె పగిలే సన్నివేశంలో క్రియాపదం లింగం తప్పి, చచ్చిపోయిన తండ్రి కాస్తా తల్లి అయిపోయాడు. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. ఆ రాత్రి నా గదికొచ్చి ఆ పేజీ ఒక్కటీ తెల్లారిందాకా చదివించుకున్నాడు.

ఇక డబ్బు సంగతి. ఢిల్లీలో గ్రూపు నాటకం అంటే సాధారణంగా రెండు నెలల రిహార్సలు, రెండు షోలు. హాలు అద్దె, రిహార్సల్ గది అద్దె, లైట్లు, సెట్టు మోసే టెంపో, పోస్టర్లు పోను మిగిలితే నటులకి. మిగలదు. "కన్వేయన్స్ ఇస్తాం" అంటారు, అంటే మెట్రో ఛార్జీలన్నమాట. పొట్ట గడిచేది వేరే పనుల మీద: బళ్లలో డ్రామా క్లాసులు, ప్రభుత్వ ప్రచారాల కోసం వీధి నాటకాలు, కంపెనీ ఉద్యోగులకి వర్క్‌షాపులు, డబ్బింగు. దసరా రోజుల్లో కొందరికి రామ్‌లీలా దొరుకుతుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకి రెండేళ్లపాటు నెలకి 5,000 రూపాయల స్కాలర్‌షిప్పు ఇస్తుంది, 25 దాటితే 40 దాకా నెలకి 10,000 జూనియర్ ఫెలోషిప్పు ఉంది. గురుశిష్య పరంపర పేరుతో నాటక బృందాలకి వచ్చే గ్రాంటులో గురువుకి నెలకి 15,000, శిష్యులకి వయసుని బట్టి 2,000 నుంచి 10,000 దాకా. అవి రావడమే గొప్ప, వచ్చినా ఆ డబ్బు బేర్ సరాయ్ గది అద్దెకే సరిపోతుంది. తిండికి మళ్లీ బడి, మళ్లీ వర్క్‌షాపు. అందుకే చాలామంది రెండు మూడేళ్లు చూసి బొంబాయి రైలెక్కుతారు. వెర్సోవాలోని ఆరాంనగర్‌లో ఆడిషన్ల లైన్లో నిలబడి, కెమెరాకి పేరు, ఎత్తు, వయసు చెప్పి, కుడి పక్క, ఎడమ పక్క మొహం తిప్పి చూపిస్తారు. వాళ్లని తప్పుపట్టను. ఆకలికి శిల్పం తెలీదు.

నాటకంలోనే నెలజీతం కావాలంటే రెపర్టరీ ఒక్కటే దారి. అంటే జీతానికి నటుల్ని పెట్టుకుని, ఏడాది పొడుగునా నాటకాలు తయారుచేసి ఆడే బృందం. ఎన్‌ఎస్‌డీ ఈ సంగతి తొందరగానే గ్రహించింది. స్కూలు పెట్టిన అయిదేళ్లకే, 1964లో, రెపర్టరీ కంపెనీ మొదలుపెట్టింది. అయితే అందులో చోటెంతమందికి? ఏటా బయటికొచ్చేవాళ్లందరికీ ఎటూ చాలదు.

మా కింది అంతస్తులో ఒక శివమొగ్గ అమ్మాయి ఉంటుంది. హెగ్గోడులోని నీనాసంలో చదివింది. హెగ్గోడు ఒక పల్లెటూరు. అక్కడ కె.వి. సుబ్బణ్ణ 1949లో నీనాసం సంస్థ పెట్టి, 1980లో నాటక శిక్షణ మొదలుపెట్టి, 1985లో 'తిరుగాట' అని ఒక సంచార బృందాన్ని కట్టారు. చదువు ముగించినవాళ్లు కొందరు తిరుగాటలో చేరి, రెండు మూడు నాటకాలు పట్టుకుని నెలల తరబడి కర్ణాటక ఊళ్లన్నీ తిరుగుతారు. ఈ అమ్మాయి కూడా అలా తిరిగింది. ఒక ఊళ్లో స్కూలు ఆవరణ, ఇంకో ఊళ్లో కల్యాణ మండపం, లారీలో సామాను, రోజుకో కొత్త ప్రేక్షకుడు. ఢిల్లీలో మూడేళ్లు చదివినవాడికి కూడా దొరకని అనుభవం ఒక్క సీజన్లో సంపాదించింది, జీతం తీసుకుని మరీ. ఆ పైన మైసూరులో 1989లో బి.వి. కారంత్ మొదలుపెట్టి నడిపించిన రంగాయణ రెపర్టరీ ఉంది, దానికి డబ్బిచ్చేది ప్రభుత్వం.

"మరి నువ్వెళ్లి మన దగ్గరే ఆడుకోవచ్చు కదరా?" అని తెనాలి తమ్ముణ్ని అడిగాను.

"ఆడతానక్కా. జీతం ఎవరిస్తారు?"

1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన ఊరి కుర్రాడి ప్రశ్న ఇది.

తెలుగులో ఆధునిక నాటకాన్ని బతికించింది ఉద్యోగస్తులు. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకులో పనిచేస్తూ నాటకాలాడారు. జయప్రకాశ్ రెడ్డి లెక్కల మాస్టారు. బ్యాంకులు, బళ్లు, కరెంటాఫీసులు, రైల్వేలు జీతాలిస్తే, ఆ జీతగాళ్లు సాయంత్రాలు రిహార్సల్ చేసుకుని, సెలవు పెట్టుకుని వ్యానెక్కి పరిషత్తు పోటీలకి వెళ్లేవారు. ఇప్పటికీ వెళ్తున్నారు. గంట నిడివి నాటిక, ఏడెనిమిది పాత్రలు, ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటుడు, షీల్డు. వచ్చిన బహుమతి వ్యాను ఖర్చుకి సరిపోతే అదృష్టం. చూసేవాళ్లకి ప్రవేశం ఉచితం. వీళ్ల త్యాగాన్ని నేను తక్కువ చేయను, మా నాన్నగారి స్నేహితులే నలుగురు ఆ వ్యాన్లలో జీవితం గడిపారు. కానీ ఆ ఏర్పాటంతా నటుడికి వేరే జీతం ఉందన్న నమ్మకం మీద కట్టింది. నటనే వృత్తిగా చదువుకుని వచ్చినవాడికి అందులో చోటు లేదు. వాడు వేషం వేయొచ్చు, బతకలేడు.

డబ్బు తీసుకుని ఆడేవాళ్లు మనకి లేకపోలేదు. జాతరల్లో పద్యనాటకం ఆడేవాళ్లు రాత్రికింత అని మాట్లాడుకునే వస్తారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి కుటుంబ నాటక సమాజం ఉండనే ఉంది. ఆ పిల్లలకి సైడు వింగే బడి. అయితే ఆ రెండూ పుట్టుకతోనో, గురువు వెంట తిరిగో చేరే చోట్లు. చదువుకున్న నటుడికీ వాళ్లకీ మధ్య వంతెన వేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాం కూడా. ఎన్‌ఎస్‌డీకి డైరెక్టరుగా చేసిన కారంత్‌గారే 1990ల్లో సురభి వాళ్లతో కలిసి పనిచేశారు. మాయలకీ మంత్రాలకీ పేరుపడ్డ ఆ కుటుంబాలు బ్రెహ్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడాయి. అలాంటి పని దాని తర్వాత ఆగకుండా సాగి ఉంటే ఇవాళ తెనాలి కుర్రాడు సంజయ్ వన్‌లో హిందీ అరుచుకుంటూ ఉండేవాడు కాదు.

చదువు చెప్పడానికి మనకేం కొదవలేదు. ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, తెలుగు యూనివర్సిటీ ఉంది. ప్రభుత్వం 1998 నుంచి నంది నాటకోత్సవాలు కూడా జరిపింది, మధ్యలో ఆగి 2023లో గుంటూరులో మళ్లీ జరిగాయి. పోటీ అయిపోయి బంగారు నంది పట్టుకుని ఇంటికెళ్లిన నటుడు మర్నాడు ఏం ఆడాలి, ఎక్కడ ఆడాలి? డిగ్రీ ఉంది, బహుమతి ఉంది, పని లేదు. నా అభిప్రాయం ఒకటే: కొత్త శిక్షణ సంస్థ ఒక్కటి కూడా పెట్టక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ చెరో రెపర్టరీ పెట్టి, పదిహేనుమందికి మూడేళ్లపాటు జీతమివ్వండి. ఒక లారీ కొనివ్వండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు.

ప్రభుత్వం ఇచ్చేలోగా ప్రేక్షకుడు చేయగలిగిన పని ఒకటుంది. హైదరాబాదులో రసరంజని లాంటి సంస్థలు నాటకానికి టిక్కెట్టు పెట్టే అలవాటు తేవాలని పట్టుదలగా ప్రయత్నించాయి. మనం మాత్రం ఇప్పటికీ పాసే అడుగుతున్నాం. సినిమాకి వెళ్తే పాప్‌కార్న్‌కే మూడు వందలు పెట్టే మనిషి, నాటకం అనేసరికి "మనవాళ్లే కదా" అని ఉత్తచేతులతో ముందువరసలో కూచుంటాడు. 500 రూపాయల లోపు నాటకం టిక్కెట్టు మీద జీఎస్టీ కూడా లేదు. కాబట్టి మీ ఊళ్లో ఈసారి నాటకం ఆడితే టిక్కెట్టు కొనుక్కుని వెళ్లండి. టిక్కెట్టు పెట్టకపోతే, ఎందుకు పెట్టలేదని నిర్వాహకుల్ని అడగండి.