డయాలిసిస్ పెద్దల మతిమరుపు: వయసు దోషమేనా?

మూత్రపిండాలు పనిచేయడం మానిన వ్యక్తికి డయాలిసిస్ ప్రాణాధారము. సాధారణంగా వారానికి మూడు పర్యాయాలు, పర్యాయానికి నాలుగు గంటలు యంత్రం రక్తాన్ని శుద్ధి చేస్తుంది. రక్తపరీక్షల అంకెలను అందరమూ అడిగి తెలుసుకుంటాము. ఆ పెద్దవారి జ్ఞాపకశక్తి, మనఃస్థితి ఎట్లున్నవో అడిగేవారు అరుదు.

జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో శ్రీకాకుళం వైపు నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. అదే జిల్లాలోని ఉద్దానం మూత్రపిండ వ్యాధితో దీర్ఘకాలంగా బాధపడుతున్న ప్రాంతం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనవి. కనుక ఈ వ్యాధి ఇక్కడి మనవారికి కొత్తది కాదు.

ఇంజినీర్లమైన మనకు ఈ విషయంలో ఒక పాఠమున్నది. యంత్రంలో నిమిషానికి సుమారు 500 మిల్లీలీటర్ల ద్రావణం ప్రవహిస్తుంది; అనగా నాలుగు గంటలకు 120 లీటర్లు. పూర్వం కొందరు రోగులకు మాట తడబడి, మూర్ఛలు వచ్చి, మతి క్షీణించేది. 1976లో అమెరికా వైద్యుడు ఆల్‌ఫ్రీ, ఆయన సహచరులు అట్టి రోగుల మెదడులో అధిక అల్యూమినియంను గుర్తించారు. నీటిని తేర్చే పటిక, కొన్ని మందులు అందుకు మూలాలు. రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిన నీటిని శుద్ధి చేయడం, ఆ మందులను తగ్గించడం వలన ఆ రుగ్మత అరుదైపోయింది. విధివ్రాత అనుకున్నదానికి కారణం దొరికింది. కారణాన్ని సరిదిద్దడం సాధ్యమైంది.

నేటి కారణాలు వేరు. మధుమేహం, రక్తపోటు మెదడులోని సూక్ష్మ రక్తనాళాలను దెబ్బతీస్తాయి. డయాలిసిస్ సమయంలో రక్తపోటు పడిపోతే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. అమెరికాలోని మిన్నెసోటాలో 55 ఏళ్లు, ఆపై వయసుగల 338 మందిని పరీక్షించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో సుమారు 37 శాతం మందికి తీవ్రమైన గ్రహణలోపం కనిపించింది. వైద్య పత్రాలలో అది నమోదైనది 3 శాతం లోపువారికే!

మానసిక క్రుంగుబాటు కూడా ఇట్లే మరుగున పడుతుంది. నీరసం, నిద్రలేమి, ఆకలి మందగించడం మూత్రపిండ వ్యాధిలోనూ ఉంటాయి, క్రుంగుబాటులోనూ ఉంటాయి. క్రుంగిన మనిషి ఏకాగ్రత కోల్పోయి మతిమరుపు వచ్చినట్లే కనిపించవచ్చు. ఇది చికిత్సకు లొంగే వ్యాధి. దీనిని వయసు ఖాతాలో వేయడం అన్యాయం.

ఇంటివారు చేయదగినవి కొన్ని ఉన్నవి. మందులు వేళ తప్పడం, డబ్బు లెక్క తారుమారు కావడం, మాటామంతీ తగ్గడం గమనిస్తే వైద్యునికి తెలుపవలెను. డయాలిసిస్ జరుగుతున్నప్పుడు గ్రహణశక్తి మందగిస్తుంది. ముఖ్యమైన సలహాలు ముందుగానో, మరునాడో చెప్పించుకోవడం మేలు. పరీక్ష మాతృభాషలోనే జరగాలి. హిందీలో అడిగిన ప్రశ్నకు తెలుగు అవ్వ తడబడితే అది మతిమరుపు కానక్కరలేదు. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన పరీక్షలు తెలుగులోనూ ఉన్నవి. మనోవేదనకు 14416 నంబరుగల ప్రభుత్వ టెలీ మానస్ సేవను తెలుగులోనే పొందవచ్చును.

యంత్రం కంపించినప్పుడు పాతబడిందని సరిపెట్టుకోక కారణం వెదకడం మన వృత్తిధర్మం. మన ఇంటి పెద్దల విషయంలోనూ అంతపాటి శ్రద్ధ చూపుదాము.