రొయ్యకు సర్టిఫికెట్టు సరే, రైతు సంగతేమిటి?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల పట్టుబడికి ముందు ఒక తతంగం ఉంది. చెరువులోంచి కొన్ని రొయ్యలు తీసి ఎంపెడా లేబరేటరీలో పరీక్షకివ్వాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషేధించిన మందుల ఛాయలు లేవని తేలితేనే యూరప్‌కు పోయే సరుకుగా పత్రం దొరుకుతుంది.

పరీక్షే వద్దని మేము అనడం లేదు. తినేవాడు ఏ దేశస్తుడైనా అతని ఆరోగ్యం ముఖ్యమే. శుభ్రత చాలదని 1997లో యూరప్ మన సరుకును నిలిపివేసింది. 2016లో మన చెరువు రొయ్యల లాట్లలో అక్కడ పరీక్షించేవాటిని నూటికి పది నుంచి యాభైకి పెంచింది. కంటైనరు వెనక్కొస్తే నష్టం ఎగుమతిదారుదే అంటారు. కానీ ఆ నష్టం మర్నాటికల్లా కౌంటు ధరలో కోతయి చెరువుగట్టుకు చేరుతుంది!

ఇప్పుడు సర్టిఫికెట్ల పద్ధతిని ఆధునీకరిస్తున్నారు. దరఖాస్తులు కంప్యూటర్లోకి ఎక్కాయి. ఏ రొయ్య ఏ చెరువుదో తెలియడానికి చెరువుకో నెంబరు కావాలి. మంచిదే. మరి ఆ నెంబరు ఎవరి పేరున? తీరం వెంట చెరువులకు 2005 నాటి కేంద్ర చట్టం కింద రిజిస్ట్రేషను, రాష్ట్రంలో 2020 నాటి చట్టం కింద లైసెన్సు ఉండాలి. కాగితం లేనిదే ఏదీ జరగదు. నోటిమాట మీద లీజుకు చేసేవాడు కాగితం ఎక్కడ తెస్తాడు? రాసిస్తే భూమికే ఎసరొస్తుందని ఆసామి భయం. చాకిరీ, అప్పు లీజుదారువి, పత్రం మాత్రం ఆసామిది!

ఇంకో మాట. మందు చెరువులోకి దానంతటదే రాదు. సీడు హేచరీది, మేత కంపెనీది, మందు అరువిచ్చే షాపువాడిది. డబ్బాలో ఏముందో రైతుకు తెలిసే దారి లేదు. పరీక్షలో తప్పు తేలితే మాత్రం "నువ్వే ఏదో వేశావ్" అని రైతునే నిలదీస్తారు. పైగా ఏజెంటు నాలుగు చెరువుల సరుకు కలిపేస్తే ఆ తప్పు ఎవరిదని తేల్చాలి?

కనుక మేము కోరేది ఇది. పరీక్ష చెరువు దగ్గర ఆగకూడదు, హేచరీలో, మేత గోదాములో, మందుల షాపులో కూడా జరగాలి. పరీక్ష ఫలితం తెలుగులో రైతు చేతికివ్వాలి. నోటి లీజుదారును గుర్తించి అతని పేరునే నమోదు చేయాలి. కౌంటు ధర పట్టుబడికి ముందే రాసివ్వాలి.

రొయ్య పుట్టుపూర్వోత్తరాలు రాసుకునే సర్కారు, దాన్ని పెంచినవాడి పేరు రాయలేదా?