జబ్బు నయమైంది, చదువెందుకు మందగించింది?

మా పుట్టిల్లు వరంగల్ దగ్గర స్టేషన్ ఘన్‌పూర్. ఈ మధ్య వెళ్ళినప్పుడు మా వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమె చిన్నకొడుక్కి నాలుగో ఏట రక్త కేన్సర్, అంటే లుకేమియా వచ్చింది. రెండున్నరేళ్ళు రైల్లో హైదరాబాదుకు తిప్పి వైద్యం చేయించారు. నయమైంది. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు.

"జబ్బయితే పోయింది గని, పోరడు మొద్దయిపోయిండమ్మా. నిన్న నేర్చిన ఎక్కం ఇయ్యాల యాదికుండదు. బోర్డు మీది లెక్క సగం రాసుకునేలోపే సారు తుడిచేస్తడు. సోమరోడని కొడుతున్నరు" అంది.

వాడు సోమరీ కాదు, మొద్దూ కాదు. ఈ సంగతి తల్లులందరికీ తెలియాలనే ఈనాడు ఈ విషయం ఎంచుకున్నాను.

లుకేమియా కణాలకు ఒక దొంగబుద్ధి ఉంది. నరానికెక్కించిన మందుల్లో చాలా వాటికి అందకుండా, మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే నీటిలో దాక్కుంటాయి. ఇల్లంతా ఊడ్చినా అటక మీది దుమ్ము అలాగే ఉండిపోయినట్టు! అక్కడినుంచి జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది. అందుకని 1960లలో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆస్పత్రిలో డాక్టర్ డోనల్డ్ పింకెల్ బృందం మిగతా మందులతోపాటు తలకు రేడియేషన్, వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇచ్చింది. అంతవరకు దాదాపు పిల్లలందరినీ బలి తీసుకున్న జబ్బులో సుమారు సగంమంది బతికి బయటపడ్డారు.

ఈ మెథోట్రెక్సేట్ వెనుక మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడ తయారైన ఎమినోప్టెరిన్‌ను 1947 చివర బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇస్తే, కొందరికి కొన్నినెలలపాటు జబ్బు అణిగింది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్‌ను పనిచేయనివ్వకుండా చేసి కేన్సర్ కణాల పెరుగుదలను ఆపుతుంది. కాని ఆ విటమిన్ ఎదిగే మెదడుకూ కావలసిందే కదా!

మెదడులో కబుర్లు మోసే సన్నని తీగలుంటాయి. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టే వాటిపైన ఒక కొవ్వుపొర ఉంటుంది. చిన్నతనంలో అది ఏర్పడుతూ వస్తుంది. రేడియేషన్, కొంతవరకు ఈ మందు, ఆ పొరను దెబ్బతీయగలవు. అప్పుడు కబురు నడుస్తుంది, కాని నెమ్మదిగా నడుస్తుంది. తెలివి ఉంటుంది, వేగం తగ్గుతుంది. ధ్యాస నిలవదు, రెండు మూడు మాటలు ఒకేసారి మనసులో పట్టుకోలేరు. లెక్కల్లో ఇది ముందుగా బయటపడుతుంది. విన్‌క్రిస్టిన్ అనే మరో మందు వల్ల వేళ్ళలో పట్టు తగ్గి దస్తూరీ చెడవచ్చు.

అందరు పిల్లలకూ ఇలా జరగదు. వైద్యం నాటికి ఎంత పసివాళ్ళయితే అంత ప్రమాదం. వైద్యం ముగిసిన కొన్నేళ్ళకు బయటపడుతుంది గనుక ఎవరికీ అనుమానం రాదు. ఈ నష్టం తెలిసిన తర్వాతనే రేడియేషన్ మోతాదు తగ్గించారు. ఇప్పుడు చాలామంది పిల్లలకు అది లేకుండానే వైద్యం జరుగుతోంది. మిగిలే నష్టం మునుపటికన్నా తక్కువ.

మరి తల్లులు ఏం చేయాలి?

మొట్టమొదటిది, భయపడి వైద్యం మధ్యలో ఆపకండి. ఆపితే ప్రాణానికే ముప్పు. బలానికని సొంతంగా ఫోలిక్ ఆసిడ్ టానిక్కులు పోయకండి, డాక్టరును అడగండి.

వైద్యం అయ్యాక కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానవద్దు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రి వంటి ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. చదువు మందగించిందని మీరే నోరు విప్పి చెప్పండి. చూపు, వినికిడి, ధారణ పరీక్ష చేయించండి.

మూడోది, బడిలో దాచకండి. పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి. పరీక్షకు కాస్త ఎక్కువ సమయం ఇమ్మనండి. బోర్డు మీది పాఠం కాగితం మీద రాసి ఇమ్మనండి.

ఇంట్లో ఒకసారికి ఒకే పని చెప్పండి. లెక్కను చింతగింజలతో చేయించండి. ఇరవై నిమిషాలు చదివాక కాసేపు ఆడుకోనివ్వండి. పక్కింటి పిల్లలతో మాత్రం పోల్చకండి.

మా వదిన మర్నాడే ఆస్పత్రి కాగితాలు పట్టుకుని బడికి వెళ్ళింది. సారు చదివి, కాసేపు మాట్లాడలేదట. ఇప్పుడు వాడు ముందు బెంచీలో కూర్చుంటున్నాడు. ఎక్కం ఇప్పటికీ ఆలస్యంగానే వస్తోంది. కాని బడినుంచి ఏడుస్తూ రావడం లేదు.