రొమ్ములో అమర్చిన ఇంప్లాంట్ చోటు తప్పితే

ఈ విషయం మన పత్రికలో రాయవచ్చా అని కొంచెం వెనకాడాను. ఆదివారం ఆరాధన తరువాత పెద్దలు, పిల్లలు అందరి చేతుల్లోకీ వెళ్ళే కాగితం ఇది. అయినా రాయవలసి వచ్చింది.

తొండూరు వైపు పల్లె నుంచి ఒక తల్లి చక్కెర వ్యాధి వలన కాలికి పుండు పడి, కట్టు మార్పించుకోవడానికి మా ఆసుపత్రికి వచ్చేది. వెంట కూతురు వచ్చేది. ఒకరోజు తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఆ అమ్మాయి మళ్ళీ లోపలికి వచ్చింది. "సిస్టరమ్మా, మీతో ఒక మాట చెప్పల్ల" అన్నది. దూరాన ఉద్యోగం చేస్తున్నప్పుడు రొమ్ముల పరిమాణం పెంచే ఆపరేషన్ చేయించుకున్నదట. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడాది తిరిగేసరికి, పడుకుంటే కుడివైపుది చంకలోకి జారిపోతున్నది. నిలబడితే ఎడమదాని కన్నా కిందికి దిగి ఉంటున్నది. ఎనిమిది నెలలుగా పాత చీర గుడ్డ చింపి ఎదకు బిగించి కట్టుకుంటున్నది. "చేసిన పనికి శిక్ష పడింది సిస్టరమ్మా" అని ఏడ్చింది. గుడ్డ ఒరుసుకుని రొమ్ము కింద చర్మం పుండయింది. నేను భయపడింది ఇంప్లాంట్ జారినందుకు కాదు, ఆ పుండు వలన చీము లోపలికి చేరుతుందేమోనని.

ఇది శిక్ష కాదు. ఆపరేషన్ తరువాత వచ్చే ఒక చిక్కు, దానికి చికిత్స ఉంది. ఎందుకు చేయించుకున్నావని అడగడం నర్సు పని కాదు. క్యాన్సర్ వలన రొమ్ము తీసివేసిన తరువాత ఇదే ఇంప్లాంట్ పెట్టించుకున్న అక్కలు కూడా ఉన్నారు, వారికీ ఇదే చిక్కు రావచ్చు. 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో క్రోనిన్, గెరో అనే ఇద్దరు డాక్టర్లు సిలికోన్ జెల్ ఇంప్లాంట్‌ను మొదటిసారి ఒక స్త్రీకి అమర్చారు. మన పక్కన చెన్నైలో స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో 2018లో రొమ్ము పరిమాణం సరిచేసే ఆపరేషన్లకు ఉచిత క్లినిక్ కూడా ప్రారంభించారు. కాబట్టి ఇది సినిమావాళ్ళ సంగతి అనుకోనవసరం లేదు.

ఇంప్లాంట్ అంటే సిలికోన్‌తో చేసిన మెత్తటి సంచి. లోపల సిలికోన్ జెల్ గాని, ఉప్పు నీరు గాని ఉంటుంది. డాక్టరుగారు రొమ్ము కణజాలం కింద, లేదా ఛాతీ కండరం కింద ఒక జేబులాంటి ఖాళీ చేసి అందులో అమరుస్తారు. మన శరీరం బయటి వస్తువును ఊరికే వదలదు. దాని చుట్టూ పలుచని పొరతో ఒక తిత్తి కట్టేస్తుంది. దానిని క్యాప్సూల్ అంటారు. ఇది అందరికీ వస్తుంది, రోగం కాదు. ఆ తిత్తి సరిపడా బిగువుగా ఉంటే ఇంప్లాంట్ తన చోటనే ఉంటుంది. వదులైతే జారుతుంది. మరీ బిగిస్తే పైకి నెట్టబడి రాయిలా గట్టిపడుతుంది.

జారడం నాలుగు వైపులా జరగవచ్చు. రొమ్ము కింది ముడత తెగి ఇంప్లాంట్ కిందికి దిగితే, చనుమొన పైకి చూస్తున్నట్టు అవుతుంది. దీనినే డాక్టర్లు బాటమింగ్ అవుట్ అంటారు. పడుకున్నప్పుడు చంక వైపు పోవడం మరొకటి, ఆ అమ్మాయికి ఈ రెండూ ఉన్నాయి. రెండూ మధ్యకు వచ్చి కలిసిపోయినట్టు కనబడితే సిమ్మాస్టియా అంటారు. సరిచేయడంలో కష్టమైన వాటిలో ఇదొకటి. నాలుగవది పైనే నిలిచిపోవడం. అయితే ఆపరేషన్ అయిన కొత్తలో ఇంప్లాంట్ కొంచెం పైకి ఉండడం మామూలే. అది సర్దుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. రెండో వారంలోనే అద్దంలో చూసుకుని కంగారు పడవద్దు.

ఇవి కాక ఇంప్లాంట్ ఉన్నచోటనే తిరిగిపోవడం కూడా ఉంది. గుండ్రనిదైతే తిరిగినా తెలియదు. నీటిబొట్టు ఆకారంలో ఉన్నదైతే రొమ్ము ఆకారమే మారుతుంది. అది తిరగకుండా ఉండేందుకే దాని పైభాగం గరుకుగా చేసేవారు. ఆ గరుకు ఇంప్లాంట్ల వలన చాలా అరుదుగా ఒక రకం లింఫోమా క్యాన్సర్ వస్తున్నదని తేలింది. అందువలన 2019లో అలర్‌గన్ కంపెనీ తన గరుకు రకాలను ప్రపంచమంతటా వెనక్కు తీసుకున్నది. మీకు పెట్టినది ఏ రకమో తెలియాలి అని నేను పదే పదే అడగడానికి కారణం ఇదే.

ఎందుకు జారుతుంది? జేబు అవసరానికి మించి పెద్దదిగా కోయడం ఒక కారణం. సన్నటి మనిషికి బరువైన ఇంప్లాంట్ పెట్టడం మరొకటి. గోనెసంచి పట్టగలిగినంతే పడుతుంది కదా. కాన్పులు, ఒక్కసారిగా బరువు తగ్గడం, వయసుతో చర్మం సాగడం కూడా కారణాలే. క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారిలో తిత్తి బిగిసిపోవడం ఎక్కువ. ఇక మన వైపు ఆడవాళ్ళు ఆపరేషన్ అయిన పది రోజులకే నీళ్ళ బిందెలు, చీనీకాయల గంపలు ఎత్తుతారు. కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, చెప్పినంత కాలం ఆసరా ఇచ్చే బ్రా వేసుకోవాలి. అంతమాత్రాన జారిన ప్రతిసారీ తప్పు పేషెంటుదే అనుకోవద్దు. జాగ్రత్తగా ఉన్నవారికీ జారుతుంది.

సరిచేయడం ఎలా? తొలి నెలల్లో కొంచెం జారితే ప్రత్యేకమైన పట్టీ, బ్రాతో కొందరికి సర్దుకోవచ్చు. అది డాక్టరుగారు చూసి కట్టవలసిన పట్టీ, చీర గుడ్డ కాదు. నూనె రాసి మర్దన చేయించడం అసలు వద్దు. ఆ దశ దాటితే ఆపరేషనే మార్గం. నులక మంచం కుంగితే తాడు బిగిస్తాము కదా, అలాగే వదులైన తిత్తి గోడను లోపల కుట్లతో బిగిస్తారు. అవసరమైతే రెండోవైపు గోడను కొంచెం విప్పి ఇంప్లాంట్‌కు చోటు ఇస్తారు. కణజాలం మరీ పలుచగా ఉంటే ఆసరాగా ఒక వల వంటి పొర వేస్తారు. కొందరికి పాత తిత్తిని వదిలి కొత్త జేబు చేస్తారు. గట్టిపడిన తిత్తి అయితే తీసివేస్తారు. చాలాసార్లు ఇంప్లాంట్‌ను చిన్నది చేయక తప్పదు. పాతదే బరువైనదైతే కుట్లు మళ్ళీ సాగుతాయి. దీనికి ఒప్పుకోవడం కొందరికి కష్టంగా ఉంటుంది. ఇంప్లాంట్ పూర్తిగా తీయించుకోవడం కూడా ఒక చికిత్సే, అది ఓటమి కాదు. క్యాన్సర్ పేషెంట్లకు బ్రాలో పెట్టుకునే కృత్రిమ రొమ్ము కూడా దొరుకుతుంది.

సరిచేసినా మళ్ళీ జారవచ్చు, ముందే తెలుసుకోండి. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. పరిమాణం పెంచుకోవడానికి పెట్టించుకున్నవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరి వరకు 8 నుంచి 10 ఏళ్ళలో తీయించుకోవలసి వస్తున్నదని అమెరికా ఎఫ్.డి.ఎ. చెబుతుంది. సిలికోన్ జెల్ రకం లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు. అందుకే 5, 6 ఏళ్ళకు ఒకసారి, తరువాత ప్రతి 2, 3 ఏళ్ళకు అల్ట్రాసౌండ్ గాని ఎమ్.ఆర్.ఐ. గాని చేయించుకోమంటారు. మామోగ్రామ్ తీసేవారికి ఇంప్లాంట్ ఉన్నదని ముందే చెప్పాలి. సిగ్గుపడి దాచితే ఫోటో సరిగా రాదు, గడ్డ కనబడకుండా పోవచ్చు.

చోటు తప్పడం మాత్రమే అయితే అది ప్రాణం మీదికి వచ్చేది కాదు, నిదానంగా వెళ్ళవచ్చు. కాని జ్వరం, ఎర్రదనం, చీము, చర్మం పలుచబడి లోపలిది కనబడడం, ఇవి ఉంటే ఆ రోజే రండి. ఏళ్ళ తరువాత ఒకవైపు రొమ్ము ఉన్నట్టుండి వాచినా, గడ్డ తగిలినా ఆలస్యం చేయవద్దు.

మా దగ్గర ఈ సరిచేసే ఆపరేషన్ చేయరు. పుండు మాన్పి, ఉత్తరం రాసి ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపుతాము. వేలూరు సి.ఎమ్.సి.లో ఆ విభాగం ఉంది. ఎక్కడికి వెళ్ళినా ఎమ్.సిహెచ్. ప్లాస్టిక్ సర్జరీ చదివినవారేనా అని అడగండి. రెండో ఆపరేషన్ ఖర్చు ఎంత, మళ్ళీ జారితే ఎవరు భరించాలి అన్నదీ అడగండి. అడిగితే కోప్పడే డాక్టరు దగ్గర చేయించుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆ అమ్మాయికి పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. తరువాత కుడివైపు తిత్తి బిగించి, రెండువైపులా చిన్న ఇంప్లాంట్లు మార్చారు. బయలుదేరే ముందు రోజు తల్లికి చెప్పిందట. తల్లి మొదట తిట్టి, తరువాత తానూ బస్సెక్కింది.

వచ్చేటప్పుడు ఆపరేషన్ కాగితాలు, ముఖ్యంగా ఇంప్లాంట్ కంపెనీ పేరు, నంబరు, సైజు ఉన్న కార్డు తీసుకురండి. కార్డు పోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి రాసి రికార్డు అడగవచ్చు. ఓ.పి. చీటీ రాసేచోట అందరి ముందు విషయం చెప్పనవసరం లేదు. "నర్సమ్మతో మాట్లాడాలి" అంటే చాలు, లోపలి గదికి పంపుతారు.