చిత్రకారుని సొత్తు

పొలం దున్నినవానికి పంట దక్కవలెననుటను ఎవరూ కాదనరు. బొమ్మ గీచినవానికి దాని ఫలం దక్కవలెనని లోకానికి తోచుటకు మాత్రం చాలకాలం పట్టినది. ఇంగ్లండులో ఆ ధర్మాన్ని చట్టంగా మలచుటకు పాటుపడినవారిలో అగ్రగణ్యుడు చిత్రకారుడు విలియం హోగార్త్.

హోగార్త్ 1697లో లండనులో జన్మించినాడు. తండ్రి రిచర్డ్ బడిపంతులు, లాటిన్ పండితుడు. ఆయన అప్పులపాలై ఫ్లీట్ కారాగారంలో కొన్ని సంవత్సరాలు గడిపినాడు. ఎంతో శ్రమించి కూర్చిన నిఘంటువు అచ్చుకాకుండానే 1718లో కన్నుమూసినాడు. పుస్తక వర్తకుల నిర్దయ తన తండ్రి ఆయుస్సును హరించినదని కుమారుడు తరువాత వ్రాసుకొన్నాడు. విద్వాంసుని శ్రమ వర్తకుని పాలగుట అతడు చిన్ననాడే చూచినాడు.

వెండిసామానుపై నగిషీ చెక్కే పని నేర్చి, క్రమంగా రాగిరేకులపై బొమ్మలు చెక్కి అచ్చువేసే వృత్తిలో అతడు స్థిరపడినాడు. పల్లె నుండి లండను చేరి పతనమైన ఒక పడుచు కథను 1732లో ఆరు చిత్రాలుగా వెలువరించినాడు. ఆరింటికీ కలిపి వెల ఒక గినీ. పన్నెండు వందలకు పైగా చందాదారులు చేరినారు. కాని వెనువెంటనే దొంగ నకళ్ళు అంగళ్ళలో తక్కువ ధరకు వెలసినవి.

గ్రంథకర్తలకు 1710 నుండియే చట్టరక్షణ ఉండెను, చిత్రకారునకు లేకుండెను. హోగార్త్ సాటి చిత్రకారులను కూడగట్టి పార్లమెంటుకు అర్జీ పెట్టినాడు. వారి వాదం సూటియైనది. ఊహించుట, కూర్చుట, చెక్కుట అనే శ్రమ అంతయు ఒకనిది. నకలు తీయువానికి ఆ శ్రమ లేదు గనుక సగం ధరకే అమ్మగలడు. అట్టి పోటీలో నష్టపోవునది కల్పన చేసినవాడే.

1735లో శాసనం వచ్చినది. స్వయంగా కల్పించి చెక్కిన చిత్రంపై పదునాలుగేండ్లు హక్కు; ప్రతి అచ్చుపై హక్కుదారుని పేరు, ప్రకటన తేదీ ఉండవలెను; దొంగ ప్రతి ఒక్కింటికి అయిదు షిల్లింగుల జరిమానా. చట్టం అమలులోనికి వచ్చువరకు హోగార్త్ తన తదుపరి చిత్రమాలను నిలిపి ఉంచినాడు. అయినను కొందరు వర్తకులు వర్ణచిత్రాలు చూచే నెపంతో అతని ఇంటికి మనుషులను పంపి, వారు జ్ఞప్తికి తెచ్చుకొన్నంతలో నకళ్ళు దింపించినారు! అతడు పేదకొనుగోలుదారును మరువలేదు. తన అనుమతితోనే రెండున్నర షిల్లింగుల చౌకప్రతులు వేయించినాడు.

స్వతంత్రతను గూర్చి అతని అభిప్రాయం గమనింపదగినది. పరుల బొమ్మలకు నకలు దింపుటవలన చేయి సాగునే గాని చూపు పెరుగదని అతని నమ్మకం. వీధిలో కనబడిన ముఖాన్ని, భంగిమను మనస్సున నిలుపుకొని, ఇంటికి వచ్చి గీచుట అతడు అలవరచుకొన్న పద్ధతి.

1764లో హోగార్త్ మరణించినాడు. 1767లో హక్కు ఇరువదియెనిమిదేండ్లకు పెరిగినది. అదే చట్టం వలన అతని భార్య జేన్‌కు ఆ చిత్రాలపై ఇరువదియేండ్ల ప్రత్యేక హక్కు లభించినది. మన దేశపు 1957 చట్టం ప్రకారం స్వంతంగా గీచిన బొమ్మపై హక్కు, నమోదు చేయకున్నను, గీచినవానిదే.

విద్యార్థి మహాచిత్రకారుల బొమ్మలు చూచి గీయుటలో దోషం లేదు, అది అభ్యాసం. దాని క్రింద మూలచిత్రకారుని పేరు వ్రాయుట మర్యాద. ఆ పేరు చెరిపి తన పేరు వ్రాసిననాడు అభ్యాసం చౌర్యమగును. ఈ భేదాన్ని బడిలోనే నేర్పగలిగితే చట్టానికి పని తగ్గును.