పోర్టబుల్ కారు ఛార్జరు లోపల ఏముంది?

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- పోర్టబుల్ ఛార్జరు నిజంగా చేసే పని ఏమిటో వివరించగలుగుతారు.
- ఆ పెట్టె, కారు పరస్పరం సంకేతాలు ఎలా పంపుకుంటాయో లెక్కలతో చెప్పగలుగుతారు.
- ఎర్తింగ్ లేని సాకెట్‌లో అడ్డదారి తొక్కడం ఎందుకు ప్రాణాంతకమో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

బర్కత్‌పురలో మేముంటున్న అపార్ట్‌మెంట్ పాతది. ఒక పొరుగాయన కొత్త ఎలక్ట్రిక్ కారు కొని, దానితో వచ్చిన ఛార్జరును సెల్లార్‌లోని 16 ఆంపియర్ల సాకెట్‌కు పెట్టారు. ఎర్ర దీపం వెలిగింది. ఛార్జింగ్ మాత్రం మొదలు కాలేదు. వచ్చిన ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పి చూసి, "ఎర్త్ లేదు సార్. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ చిన్న వైరు కలిపేస్తే పనిచేస్తుంది" అన్నాడు. నేను వద్దన్నాను. కారణం చూపడానికి, నా దగ్గరున్న పాడైపోయిన పెట్టె ఒకదాన్ని వాళ్ల ముందే విప్పాను. ఆ రోజు చెప్పిందే ఈ పాఠం.

గమనిక: పనిచేస్తున్న ఛార్జరును విప్పకండి. నీరు చొరకుండా వేసిన సీలు ఒకసారి ఊడితే మళ్లీ అలా బిగియదు.

2. పేరు ఛార్జరు, పని స్విచ్

బ్యాటరీకి కావలసింది ఏకముఖ విద్యుత్తు. ఇంటికి వచ్చేది 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల ఏకాంతర విద్యుత్తు. ఈ మార్పిడి చేసే పరికరం పెట్టెలో లేదు, కారులో ఉంది. అసలు ఛార్జరు అదే. పెట్టెలో కనిపించేవి ఇవి:

- ఫేజ్, న్యూట్రల్ తీగలను కలిపే, విడదీసే రిలేలు. ఎర్త్ తీగ మాత్రం ఏ స్విచ్చూ లేకుండా నేరుగా కారు వైపు వెళుతుంది.
- ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిసి దూరి వెళ్లే ఒక రింగు. దీని మీద సన్నని తీగచుట్ట ఉంటుంది.
- +12, −12 వోల్టులు తయారుచేసే చిన్న విద్యుత్ సరఫరా భాగం.
- అన్నింటినీ గమనించే మైక్రోకంట్రోలర్.

16 ఆంపియర్ల వద్ద ఈ రిలేల గుండా వెళ్లే సామర్థ్యం 230 × 16 = 3680 వాట్లు. ఇంత సామర్థ్యం గంటల తరబడి ప్రవహిస్తుంది. వదులైన సాకెట్ కరిగిపోయేది అందుకే.

3. కారుతో సంభాషణ

కారుకు తగిలించే టైప్ 2 కనెక్టరులో పైలట్ అనే సన్నని పిన్ను ఉంటుంది. పెట్టె దీనికి 1 కిలోఓమ్ నిరోధం ద్వారా 12 వోల్టులు ఇస్తుంది. కారులో పైలట్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒక డయోడు, 2.74 కిలోఓమ్‌ల నిరోధం శ్రేణిలో ఉంటాయి. కనెక్టరు తగిలించగానే పైలట్ వోల్టేజి 12 నుంచి 9కి పడిపోతుంది. కారు వచ్చిందని పెట్టెకు తెలిసేది అలాగే.

అప్పుడు పెట్టె పైలట్ మీద 1 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగం పంపుతుంది. ఎంత ప్రవాహం తీసుకోవచ్చో ఆ తరంగపు డ్యూటీ సైకిల్ చెబుతుంది. 10 నుంచి 85 శాతం వరకు సూత్రం ఇది:

ప్రవాహం (ఆంపియర్లు) = డ్యూటీ శాతం × 0.6

10 ఆంపియర్లకు 16.7 శాతం, 16 ఆంపియర్లకు 26.7 శాతం.

కారు సిద్ధమైతే 1.3 కిలోఓమ్‌ల నిరోధాన్ని సమాంతరంగా కలుపుతుంది. తుల్య నిరోధం 0.88 కిలోఓమ్‌లకు తగ్గి, పైలట్ 6 వోల్టులకు దిగుతుంది. రిలేలు 'టక్'మని మూసుకునేది అప్పుడే. అంతవరకు మీ చేతిలోని కనెక్టరులో 230 వోల్టులు ఉండవు.

డయోడు ఎందుకు? కనెక్టరు నీటిగుంటలో పడినా కొంత నిరోధం కనిపిస్తుంది. కానీ డయోడు ఉంటేనే తరంగపు రుణ భాగం −12 వోల్టుల వద్దే నిలుస్తుంది. నీటికీ కారుకూ తేడా పెట్టెకు ఇలా తెలుస్తుంది.

4. కాపలా

ఫేజ్‌లో వెళ్లిన ప్రవాహమంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తే, రింగులో అయస్కాంత అభివాహాలు రద్దవుతాయి. కొంత ప్రవాహం మనిషి గుండా నేలలోకి పోతే అవి రద్దు కావు. తేడా 30 మిల్లీఆంపియర్ల స్థాయికి చేరితే రిలేలు తెరుచుకుంటాయి.

ఇంట్లో ఎం.సి.బి. ఉంది కదా అనవచ్చు. బొగ్గు, ఉప్పు వేసి నింపిన ఎర్త్ గుంత వేసవిలో ఎండితే నిరోధం పెరుగుతుంది. అది 50 ఓమ్‌లు అనుకుందాం. ఫేజ్ తీగ కారు బాడీకి తగిలితే ప్రవాహం 230 ÷ 50 = 4.6 ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. కదలదు. అందుకే రింగు కావాలి. సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో పెట్టె ముందే పరీక్షించేదీ అందుకే.

5. అడ్డదారి ఏం చేస్తుంది?

న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపితే ఆ పరీక్ష మోసపోతుంది. పచ్చదీపం వెలుగుతుంది. ఇప్పుడు భవనానికి వచ్చే న్యూట్రల్ ఎక్కడో తెగిందనుకోండి. ఫ్లాట్లలోని ఫ్యాన్లు, ఫ్రిజ్‌ల గుండా ఫేజ్ వోల్టేజి న్యూట్రల్ తీగలోకి చేరుతుంది. అది కలిపిన వైరు ద్వారా ఎర్త్ తీగలోకి, అక్కడి నుంచి కారు బాడీకి వస్తుంది. రబ్బరు టైర్ల మీద ఉన్న కారుకు నేలతో సంబంధం లేదు. తలుపు తెరవడానికి చెయ్యి వేసినవారే నేలకు దారి అవుతారు. ఎర్త్ తీగ రింగులో దూరదు కనుక ఆ ప్రవాహం రింగుకు కనిపించదు. రిలేలు తెరుచుకున్నా ఎర్త్ తీగ తెగదు.

మా సెల్లార్‌లో కొత్త ఎర్త్ గుంత తవ్వించి, సాకెట్‌కు విడిగా ఎర్త్ తీగ, దాని ముందు ఒక ఆర్.సి.సి.బి. పెట్టించాం. ఆ తరువాతే పచ్చదీపం వెలిగింది.

సారాంశం

పోర్టబుల్ ఛార్జరు విద్యుత్తును మార్చదు. అన్నీ సరిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే దానికి దారి ఇస్తుంది. ఎర్ర దీపం పెట్టెలోని లోపం కాకపోవచ్చు, మన ఇంటి వైరింగు గురించి అది చెబుతున్న నిజం కావచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డ్యూటీ సైకిల్ 20 శాతమైతే కారు ఎన్ని ఆంపియర్లు తీసుకోవచ్చు?
2. 2.74, 1.3 కిలోఓమ్‌ల సమాంతర తుల్య నిరోధాన్ని కనుక్కోండి.
3. ఎర్త్ గుంత నిరోధం 10 ఓమ్‌లైతే పై ఉదాహరణలో ప్రవాహం ఎంత? ఫలితం ఎలా మారుతుంది?